ఆటల పోటీలకు డబ్బు చాలడం లేదా? రాయగడ, గజపతి జిల్లాల హైస్కూళ్లకు సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగరం చుట్టుపక్కల హైస్కూళ్లలో ఆటల పోటీల మాట ఎత్తగానే వినిపించే జవాబు "నిధులు లేవు". అబద్ధం కాదు. కానీ ఒళ్లు వేడిగా ఉందని చెప్పినంత మాత్రాన ఏ జ్వరమో తేలిపోదు. డబ్బు అసలు రాకపోవడం ఒక సంగతి. సీజను దాటాక రావడం మరొకటి. వచ్చింది వేదిక మీదే ఖర్చయిపోయి మైదానానికి మిగలకపోవడం ఇంకొకటి. మూడింటికీ మందు వేరు. తెలుగు ఇళ్ల పిల్లలు ఒడియా మాధ్యమంలో చదివే మన బడుల్లో తరచుగా కనిపించే చిక్కులు కింద ఉన్నాయి. మీ బడికి ఏది వర్తిస్తే అది చూసుకోండి.

గ్రాంటు వచ్చింది, ఆగస్టులో ఆడడానికి బంతి లేదు

బడుల కోసం నడిచే ప్రభుత్వ పథకం సమగ్ర శిక్షా 2018లో మొదలైనప్పటి నుంచి ఆటలకు విడిగా గ్రాంటు ఉంది. ఏడాదికి ప్రాథమిక పాఠశాలకు 5,000, ప్రాథమికోన్నత పాఠశాలకు 10,000, సెకండరీ స్థాయికి గరిష్ఠంగా 25,000 రూపాయలు. ఈ డబ్బు చాలాసార్లు ఆర్థిక సంవత్సరం చివర్లో చేతికి అందుతుంది. మార్చి 31 లోపు ఖర్చు చూపాలి. అప్పుడు ఏ దుకాణంలో ఏ కిట్టు సిద్ధంగా ఉంటే అది వస్తుంది. నాలుగు క్యారమ్ బోర్డులు, ఒక కట్ట స్కిప్పింగ్ తాళ్లు, రంగురంగుల ప్లాస్టిక్ రింగులు బీరువాలోకి చేరతాయి. ఆగస్టులో వాలీబాల్ కావాలంటే ఉండదు.

తప్పు గ్రాంటుది కాదు, జాబితా ముందుగా సిద్ధంగా లేకపోవడానిది. జూన్‌లో బడి తెరవగానే పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో కొనవలసిన వస్తువులను అవసరం ప్రకారం వరుసగా రాసి, తీర్మానం చేసి పెట్టుకోండి. డబ్బు ఏ నెలలో వచ్చినా ఆ వరుసలో పైనుంచి కొనడమే. మార్చిలో కొన్నవి వచ్చే ఆగస్టుకని ముందే అనుకుంటే హడావుడి సగం తగ్గుతుంది. ఆ సరుకును స్టాకు రిజిస్టరులో ఎక్కించి, వినియోగ పత్రం వెంటనే పంపండి. పాత లెక్క తేలని బడికి కొత్త డబ్బు ఆలస్యం కావడం ఎవరి కుట్రా కాదు.

ఏది కొనాలన్నది కూడా నేలను చూసి నిర్ణయించాలి. మన మైదానాలు ఎక్కువగా మొరం, గులకరాళ్లు. కుట్టు వేసిన బంతి అక్కడ త్వరగా చిరుగుతుంది. అచ్చుపోసిన రబ్బరు బంతి చేతికి కాస్త గట్టిగా తగిలినా ఎక్కువ కాలం ఆగుతుంది. రోజువారీ అభ్యాసం దానితో చేయించి, మంచి బంతిని పోటీకి వారం ముందు బయటికి తీయండి. ఇంత తక్కువ డబ్బులో నా ఓటు కబడ్డీకి, ఖోఖోకే. కబడ్డీకి గీతలు చాలు. ఖోఖోకు నేల నుంచి 120-125 సెంటీమీటర్ల ఎత్తు ఉండే రెండు గుంజలు కావాలి. ఊళ్లోని వడ్రంగి అంచులు లేకుండా నున్నగా చెక్కి ఇస్తాడు. క్రికెట్ కిట్టు ధరకు ఈ రెండు ఆటలూ బడి మొత్తానికి ఏళ్ల తరబడి నడుస్తాయి.

డ్రా తీసిన రోజే బడ్జెట్ అయిపోయింది

పోటీలు పెట్టేవాళ్లు అందరికంటే తక్కువగా ఆలోచించేది దీని గురించే, అందరికంటే ఎక్కువ డబ్బు పోయేదీ ఇక్కడే. బ్లాకులో పదకొండు బడులు కబడ్డీ జట్లు పంపుతామన్నాయి అనుకుందాం. అందరూ అందరితో ఆడాలంటే 55 ఆటలు. అది అయ్యే పని కాదు కాబట్టి నాకౌట్ పెడతారు. నాకౌట్‌లో ఎన్ని జట్లున్నా అంతకు ఒకటి తక్కువ ఆటలు, అంటే ఇక్కడ పది. ఐదు జట్లకు బై, అంటే మొదటి రౌండు ఆడకుండానే రెండో రౌండుకు వెళ్తాయి. కాగితం మీద చవకగా కనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక్క ఆట ఆడి ఇంటిదారి పట్టే జట్లు నాలుగు నుంచి ఏడు దాకా ఉంటాయి. ఘాట్ రోడ్డులో రెండు గంటలు కుదుపులు తిని వచ్చిన పిల్లలు అరగంట ఆడి తిరిగి బండెక్కుతారు. వాళ్ల బండి కిరాయి, భోజనం మాత్రం ఫైనల్ ఆడిన జట్టుకు అయినంతే అవుతుంది. మరుసటి ఏడాది ఆ బడి జట్టును పంపకపోతే "ఆసక్తి లేదు" అని రాసేస్తారు.

మార్గం ఉంది. పదకొండు బడులను దగ్గరదగ్గరగా ఉన్నవాటితో నాలుగు, నాలుగు, మూడుగా విడదీయండి. ప్రతి గుంపూ తమలో ఒక బడి మైదానంలో ఒక శనివారం లీగ్ ఆడుకుంటుంది. ఆటలు ఆరు, ఆరు, మూడు. జూనియర్ కబడ్డీ రెండు అర్ధభాగాలు పదిహేనేసి నిమిషాలు, మధ్యలో విరామం ఐదు, మొత్తం 35 నిమిషాలు. జట్లు మారే సమయం కలిపి 45 అనుకుంటే, ఉదయం తొమ్మిది నుంచి నాలుగు దాకా గంట భోజన విరామం పోను ఒకే కోర్టులో ఎనిమిది ఆటలు పడతాయి. ఆరు హాయిగా అయిపోతాయి. గుంపుల్లో గెలిచిన మూడు జట్లు, రెండో స్థానాల్లో మెరుగైన ఒక జట్టు బ్లాకు కేంద్రానికి వస్తాయి. సెమీఫైనళ్లు రెండు, ఫైనల్ ఒకటి. మొత్తం పద్దెనిమిది ఆటలు. ఏ జట్టయినా కనీసం రెండు ఆడుతుంది. దూర ప్రయాణం చేసేవి నాలుగే.

చిక్కు ఒకటుంది. మూడు జట్ల గుంపులో ఆటలు తక్కువ కాబట్టి "మెరుగైన రెండో జట్టు"ను ఎలా తేలుస్తారో డ్రా తీసిన రోజే రాసి అందరితో సంతకం చేయించండి. ఆటకు సగటున వచ్చిన పాయింట్ల తేడా చూడడం న్యాయంగా ఉంటుంది. తర్వాత చెబితే గొడవే. కబడ్డీ గొడవలు కోర్టులో కంటే టీ దుకాణం దగ్గర ఎక్కువసేపు నడుస్తాయి.

మైదానంలో 400 మీటర్ల ట్రాక్ పట్టదు

పట్టనక్కర్లేదు. 91 మీటర్ల పొడవు, 41 మీటర్ల వెడల్పు ఉంటే నాలుగు లేన్లతో 200 మీటర్ల ట్రాక్ వస్తుంది. రెండు తిన్నని వైపులు ఒక్కొక్కటి 50 మీటర్లు. రెండు చివర్లలో అర్ధవృత్తాలు. లోపలి గీతకు వ్యాసార్ధం 15.62 మీటర్లు. పరుగు దూరాన్ని ఆ గీతకు 30 సెంటీమీటర్లు అవతల కొలుస్తారు కాబట్టి అర్ధవృత్తం సరిగ్గా 50 మీటర్లవుతుంది. లేను వెడల్పు 1.22 మీటర్లు. సాగని తాడు, రెండు మేకులు, ఓపిక ఉన్న ఇద్దరు పదో తరగతి పిల్లలు చాలు. నైలాన్ తాడు వద్దు, లాగితే సాగుతుంది.

బయటి లేను పిల్లలు ఎప్పుడూ ఓడిపోతున్నారా? ఆరంభ గీతలు ఒకే వరుసలో గీసి ఉంటారు. ఒక చుట్టు పరుగుకు రెండో లేను 7.04, మూడోది 14.70, నాలుగోది 22.37 మీటర్లు ముందుకు జరగాలి. వంద మీటర్ల పరుగును ఈ ట్రాక్ మీద పెట్టకండి. మైదానం ఇంతకంటే పెద్దదైతే మూలనుంచి మూలకు వేరే గీత గీయండి.

జాతీయ క్రీడా దినోత్సవం ఆగస్టు 29, మనకు నడివాన. గీసిన గీత రాత్రికి కొట్టుకుపోతుంది. వేలి లోతు గాడి తీసి అందులో నింపితే ఆగుతుంది. గీతలకు ముగ్గుపిండే వాడండి. పొడి సున్నం తడి తగిలితే చర్మాన్ని, కళ్లను కాలుస్తుంది. కబడ్డీ ఆడేవాళ్ల ముఖాలు తాకేది ఆ గీతలనే.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి పిల్లలను గదుల్లోకి పంపండి. చెట్టు కిందికి వద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట దాటాకే మళ్లీ ఈల.

అభ్యాసానికి పన్నెండు మంది అమ్మాయిలు, పోటీ రోజు ఆరుగురు

"ఇళ్లలో పంపరండీ, పాతకాలపు మనుషులు" అంటారు. నాకు ఆ మాట మీద నమ్మకం తక్కువ. అదే ఇంటివాళ్లు అదే పిల్లను మేనత్త ఊరి జాతరకు పంపుతారు. అక్కడ ఎవరి ఇంట్లో పడుకుంటుందో వాళ్లకు తెలుసు. పోటీకి పంపమంటే ఏం తెలుసు? బడి నుంచి ఒడియాలో అచ్చయిన కాగితం ఒకటి వస్తుంది. మన తల్లుల్లో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. పిల్లే చదివి చెప్పాలి. సంతకం అడిగే పిల్ల తనకు అనుకూలంగా చదువుతుందేమోనన్న అనుమానం తల్లికి ఉండదా?

అనుమతి పత్రం వెనకవైపు తెలుగులో ఐదు సంగతులు రాయండి: ఎక్కడికి, ఏ బండిలో, వెంట వచ్చే టీచరమ్మ పేరు, ఫోను నంబరు, తిరిగి ఇంటికి చేర్చే సమయం. రాత్రి బస ఉంటే గది ఎక్కడ, గడియ ఉందా, స్నానాల గది ఎక్కడ అన్నవి కూడా. బడిలో మహిళా టీచరు లేకపోతే జట్టులోని ఒక అమ్మాయి తల్లిని వెంట రమ్మనండి. ఆమె భోజనం, బస్సు ఖర్చు జట్టు ఖర్చులోనే రాయండి. రెండు మెమెంటోల ధర కూడా ఉండదు. సాయంత్రం ఏడింటికి ప్రతి ఇంటికీ ఒక ఫోను చేయించండి. పైన చెప్పిన గుంపు లీగ్ పద్ధతిలో పెడితే చాలా జట్లకు రాత్రి బస అవసరమే పడదు, ఆ లాభం ఎక్కువగా అమ్మాయిలకే.

జట్టులో ఉన్నవాళ్లు రెండో అర్ధభాగంలో చతికిలపడుతుంటే శిక్షణ లోపమని తిట్టకముందు రక్తహీనత ఉందేమో చూడండి. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర అందుకే. అందులో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. పరగడుపున వేస్తే కడుపులో తిప్పుతుందని పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక మీ ఎదుటే వేయించండి. ముఖం పాలిపోయిన పిల్లను ఆరోగ్య కేంద్రానికి పంపి రక్తపరీక్ష చేయించాలి. పోటీ ఉదయం ఒక గ్లాసు చోడి అంబలి, రెండు అరటిపండ్లు ఏ డబ్బా పొడికంటే మేలు.

బండి కిరాయి మిగతా అంతటినీ మింగేస్తోంది

అందుకని పికప్ వ్యానులో పిల్లలను నిలబెట్టి తీసుకెళ్లడం కనిపిస్తుంది. సరుకుల బండిలో మనుషులను ఎక్కించకూడదు. ప్రమాదం జరిగితే బీమా కూడా చేతికి రాకపోవచ్చు. ఇక్కడ పొదుపు వద్దు. రెండు బడులు కలిసి ఒక బస్సు మాట్లాడుకోవడం, సంత లేని రోజు పోటీ పెట్టడం, గుణుపురం - పర్లాకిమిడి దారిలోనైతే రైలు వేళకు ఆటలు సర్దడం, ఇవీ చేయదగిన పొదుపులు.

జట్టు గెలిచింది, వయసు పత్రాల దగ్గర ఆగిపోయింది

బడుల పోటీలు అండర్ 14, 17, 19గా జరుగుతాయి. మన పిల్లల్లో కొందరు అమ్మమ్మగారి ఊళ్లో, అంటే సరిహద్దు అవతల ఆంధ్రలో పుట్టినవాళ్లు. జనన పత్రంలో ఇంటిపేరు ముందు, ఒడియా అడ్మిషన్ రిజిస్టరులో చివర, ఆధార్‌లో ఒక అక్షరం తక్కువ. పోటీకి మూడు రోజుల ముందు ఇది తేలితే ఎవరూ ఏమీ చేయలేరు. తొమ్మిదో తరగతిలో చేరిన నెలలోనే మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. మెట్రిక్ పరీక్షకు బోర్డులో పేరు నమోదు కాకముందే సరిదిద్దించడం తేలిక.

దాతలున్నారు, షీల్డుకే ఇస్తామంటారు

ఇవ్వనివ్వండి, కానీ ఒక్క షీల్డు చాలు. ఏటా తిరిగే షీల్డు చేయించి, గెలిచిన బడి పేరు ఏటా చెక్కించండి. షామియానా, మైకు, శాలువాలు, పుష్పగుచ్ఛాలు తీసేస్తే ఎంత మిగులుతుందో కిందటేటి బిల్లులు తీసి చూడండి. ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తే మొదటి ఆట ఆయన కోసం ఆగకూడదు. ఎండలో నిలబెట్టిన పిల్లలు ఆయన ప్రసంగం ఎలాగూ వినరు. బియ్యం మిల్లు యజమానిని, కిరాణా వర్తకులను డబ్బు అడగకుండా వస్తువు అడగండి: వంద మందికి మజ్జిగ, ఒక రోజు బియ్యం, పప్పు. వస్తువు ఇచ్చినవాళ్లు అది పిల్లలకు చేరిందో లేదో చూడడానికి మైదానానికి వస్తారు. మరుసటి ఏడాది అడగక్కర్లేదు.

పెద్ద కంపెనీల దగ్గరికి వెళ్లేటప్పుడు అడిగే తీరు మారాలి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ చట్టం ఏడో షెడ్యూలులో గ్రామీణ క్రీడలు, జాతీయ గుర్తింపు ఉన్న క్రీడలు, పారాలింపిక్, ఒలింపిక్ క్రీడలు ఉన్నాయి. అయితే అక్కడ రాసి ఉన్నది వాటిని ప్రోత్సహించే శిక్షణ. ట్రోఫీలకు, వేదికకు అడిగితే ఫైలు కదలకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఇరవై రోజుల వేసవి శిబిరం, శిక్షకుడి గౌరవ వేతనం, పిల్లల అల్పాహారం, బూట్లు అని విడివిడిగా లెక్క వేసి, బడ్జెట్లు తయారయ్యే వేళకు, అంటే జనవరికి ముందే ఇవ్వండి.

పూర్వ విద్యార్థుల డబ్బుకూ ఒడిశాలో దారి ఉంది. 2017 నవంబరు 14న మొదలైన మో స్కూల్ కార్యక్రమంలో వాళ్లు ఇచ్చినదానికి ప్రభుత్వం రెండింతలు కలిపేది. ఆ తర్వాత కార్యక్రమం పేరు మారింది. ఇప్పటి వాటా ఎంతో బ్లాకు విద్యాధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. విశాఖలో, హైదరాబాదులో స్థిరపడిన పాత విద్యార్థుల నుంచి చేతికి డబ్బు తీసుకోకముందే అడగండి, ఆ మార్గంలో రాని సొమ్ముకు వాటా కలవదు.

అభ్యాసానికి ఎదురు జట్టు దొరకదు

బ్లాకులో జట్లు తక్కువైతే సరిహద్దు అవతల చూడండి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం కొద్ది కిలోమీటర్లే. రాయగడ వాళ్లకు పార్వతీపురం వైపు బడులున్నాయి. స్నేహపూర్వక ఆటకు రెండు బడుల ప్రధానోపాధ్యాయుల లేఖలు, తల్లిదండ్రుల అనుమతి ఉంచుకుని, ఒక నెల మీరు వెళ్తే మరుసటి నెల వాళ్లను రమ్మంటే ఖర్చు సమంగా పంచుకున్నట్టే. ఆ ఫలితాలు ఏ రాష్ట్రపు ఎంపికకూ లెక్కలోకి రావు. ఆ సంగతి పిల్లలకు బస్సెక్కే ముందే చెప్పండి.