షెల్ స్క్రిప్టు, టార్ ఫైలు కలిపి ఒకే ఇన్‌స్టాలరుగా

లినక్స్ సర్వర్లకు ప్రోగ్రామును పంపేటప్పుడు టార్ ఫైలును (అనేక ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట), దానిని విప్పే షెల్ స్క్రిప్టును (వరుసగా నడిచే కమాండ్లున్న ఫైలు) వేర్వేరుగా ఇవ్వకుండా, క్యాట్ (cat) కమాండుతో స్క్రిప్టు వెనుకనే జీజిప్ (gzip)తో కుదించిన టార్ ఫైలును చేర్చి ఒకే ఫైలుగా ఇవ్వవచ్చు. స్క్రిప్టు చివరి వరుసలో ‘ఆర్కైవ్’ వంటి గుర్తును మాత్రమే ఉంచి, నడిచే సమయంలో అది ఎన్నో వరుసలో ఉందో నమూనాలను వెతికే ఆక్ (awk) కమాండుతో కనుక్కొని, తరువాతి వరుస నుండి ఉన్నదంతా ఫైలు చివరి భాగాన్ని ఇచ్చే టెయిల్ (tail) ద్వారా టార్ కమాండుకు పైపు చేస్తే (నేరుగా అందిస్తే) చాలు.

గుర్తుకు ముందు స్క్రిప్టును ముగించే ఎగ్జిట్ (exit) కమాండు తప్పనిసరి. అది లేకపోతే షెల్ బైనరీ (టార్) భాగాన్ని కూడా కమాండ్లుగా చదవబోతుంది. వెతికే నమూనాకు మొదట క్యారెట్ (^, వరుస మొదలు), చివర డాలర్ ($, వరుస ముగింపు) పెట్టడం ఇంకా ముఖ్యం, ఎందుకంటే అవి లేనప్పుడు ఆక్‌కు ముందుగా దొరికేది ఆ గుర్తును వెతుకుతున్న వరుసే, అప్పుడు జీజిప్ తన ఫార్మాట్ కాదంటూ ఆగిపోతుంది. గుర్తు తరువాత ఎంటర్ నొక్కి వరుసను ముగించడం మరువరాదు.

విప్పడానికి ఎంకెటెంప్ (mktemp) కమాండుతో తాత్కాలిక ఫోల్డరు సృష్టించి, పని ముగిశాక ట్రాప్ (trap, స్క్రిప్టు ఆగేటప్పుడు చెప్పిన పని చేసే కమాండు) ద్వారా తొలగించడం శుభ్రమైన పద్ధతి. చెక్‌సమ్ పరిశీలన (ఫైలు చెడిపోలేదని సరిచూడడం) కూడా కావాలంటే, ఇదంతా సిద్ధంగా చేసిపెట్టే మేక్‌సెల్ఫ్ (makeself) అనే సాధనాన్ని వాడుకోవడమే మేలు.