ఉద్గారాలను తగ్గించే మార్గాల ఖర్చులను పోల్చడం ఎలా?

2070 నాటికి నికర సున్నా ఉద్గారాలకు, అంటే గాలిలోకి వదిలినంతా తిరిగి తొలగించే స్థితికి, చేరుకుంటామని భారతదేశం 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రకటించింది. అందుకు సౌర విద్యుత్తు, ఎలక్ట్రిక్ బస్సులు, ఎండను తిప్పికొట్టే చల్లని పైకప్పుల వంటి మార్గాలలో దేని మీద ఎంత వెచ్చించాలో తేల్చుకోవాలంటే, అన్నింటినీ ఒకే కొలతలోకి తేవాలి. ఆ కొలత, ఒక టన్ను కార్బన్ డయాక్సైడును తగ్గించడానికి అయ్యే నికర ఖర్చు.

మొదట, ఆ పని చేపట్టకపోతే ఏమి జరిగేదో రాసుకోండి. హైదరాబాద్‌లో కొత్త ఎలక్ట్రిక్ బస్సును పోల్చవలసింది డీజిల్ బస్సుతోనా, ఆ బస్సు లేకుంటే ప్రయాణికుడు ఎక్కే మెట్రోతోనా, అతని బైకుతోనా అన్నదాన్ని బట్టి ఫలితమే తారుమారవుతుంది. లెక్కలు ఎక్కువగా ఇక్కడే దారి తప్పుతాయి గనుక ఈ దశలో తొందర పడకూడదు.

తర్వాత పెట్టుబడిని, అది పనిచేసే ఏళ్లకు వడ్డీతో సహా పంచండి. కోటి రూపాయలను 25 ఏళ్లకు పంచితే 4 శాతం వడ్డీకి ఏడాదికి సుమారు 6.4 లక్షలు, 10 శాతానికి సుమారు 11 లక్షలు పడుతుంది. కాబట్టి అన్ని మార్గాలకూ ఒకే రేటు వాడి, దాన్ని స్పష్టంగా ప్రకటించాలి.

ఇప్పుడు ఆదాను తీసివేయండి. 60 వాట్ల పాత బల్బు స్థానంలో వంద రూపాయల 9 వాట్ల ఎల్‌ఈడీ పెట్టి, రోజుకు నాలుగు గంటలు వెలిగించామనుకుందాం. ఏడాదికి 74 యూనిట్లు మిగులుతాయి, యూనిట్‌కు 0.7 కిలోల చొప్పున 52 కిలోల ఉద్గారం తగ్గుతుంది. యూనిట్ సరఫరా ఖర్చు 5 రూపాయలు, బల్బు ఆయువు అయిదేళ్లు, వడ్డీ 10 శాతం అనుకుంటే, ఏడాదికి 372 రూపాయల ఆదాకు ఎదురుగా బల్బు ఖర్చు 26 రూపాయలు మాత్రమే. అంటే టన్నుకు ఖర్చు కాదు, సుమారు 6,600 రూపాయల మిగులు! ఇది దేశం లెక్క కనుక ఇంటి కరెంటు బిల్లులోని పన్నులు, సబ్సిడీలు ఇందులోకి రాకూడదు.

హైదరాబాద్‌లోని జవహర్‌నగర్ చెత్తకుప్ప నుంచి వెలువడే మీథేన్ వాయువును, నూరేళ్లలో అది భూమిని వేడెక్కించే ప్రభావం ప్రకారం సుమారు 28 రెట్ల కార్బన్ డయాక్సైడుగా మార్చి కలపండి.

ఫలితాలను చౌక నుంచి ఖరీదు వరకు పేర్చవచ్చు గాని, వాటిని గుడ్డిగా కూడకూడదు. గ్రిడ్‌లో సౌర విద్యుత్తు పెరిగిన కొద్దీ ఎల్‌ఈడీ తగ్గించే ఉద్గారం తగ్గుతుంది, ఎలక్ట్రిక్ బస్సు తగ్గించేది పెరుగుతుంది. మెట్రో ఖర్చంతా ఉద్గారాల ఖాతాలో వేయడం అన్యాయం; అది ముందుగా ప్రయాణ సాధనం. చివరగా వడ్డీని, బొగ్గు ధరను మార్చి లెక్క మళ్లీ వేసి, ఏ ఊహ మారితే వరుస తారుమారవుతుందో ఫలితం పక్కనే రాయండి.