గేర్‌బాక్స్ మార్చినంక గేరు పడట్లేదా? డబ్బా మళ్లీ దించే ముందు ఇవి చూడండి

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక పాత మారుతి 800 ఉంది. కార్బొరేటర్ బండి, 4 గేర్లు. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా ఫరవాలేదు. అక్కడ హైదరాబాదు రోడ్డెక్కి 60 దాటిందంటే ఆ మూడు సిలిండర్ల ఇంజను అరుపుకి పక్క సీట్లో మనిషితో మాట్లాడలేం. అందుకే తర్వాతి మోడళ్లలో వచ్చిన 5 గేర్ల డబ్బా ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి ఎక్కించుకున్నాను.

డబ్బా ఎక్కించడం ఒక ఆదివారం పని. అసలు కథ సాయంత్రం మొదలైంది. స్టార్ట్ చేసి క్లచ్ తొక్కితే గేరు పడదు. "పాడైన డబ్బా అంటగట్టిండు" అని అమ్మినాయన్ని తిట్టుకుంటూ మళ్లీ జాకీ ఎక్కించాను. అట్లా మొత్తం రెండుసార్లు దించాను. మొదటిసారి దించక తప్పని తప్పే, అదీ నాదే. రెండోసారి మాత్రం ఊరికే నడుం విరగ్గొట్టుకున్నాను. తప్పు బయటే ఉంది, చూసుకోలేదు. మీరు మళ్లీ పానా పట్టుకునే ముందు ఈ వరసలో చూసుకోండి.

కిందికి దూరే ముందు ఒక్క మాట. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరొద్దు. ఇటుకలు పెట్టొద్దు, బరువుకి పొడిపొడి అవుతాయి. స్టాండ్లు పెట్టండి. మట్టి నేలైతే వాటి కింద మందపాటి చెక్క వేయండి. వెనక చక్రాలకు ఇటూ అటూ ఆపు పెట్టండి.

ముందు ఇంజను ఆపి చూడండి

ఇంజను ఆపి ఒకటి, రెండు, మూడు, అన్ని గేర్లూ వేసి చూడండి. ఆగి ఉన్నప్పుడు సులువుగా పడి, స్టార్ట్ చేశాక పడకపోతే, లేదా రివర్స్ వేస్తే గరగరమంటే, డబ్బా మంచిదే. క్లచ్ పూర్తిగా విడవట్లేదు. ఆగి ఉన్నప్పుడు కూడా పడకపోతే గేరు రాడ్డు దగ్గర చూడాలి.

క్లచ్ సంగతి తేల్చడానికి ఇంకో పరీక్ష ఉంది. చదునైన చోట ఇంజను ఆపి, ఫస్ట్ గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి పట్టండి. వెనక నుంచి ఒకరిని నెట్టమనండి. నేను పక్కింటి పిల్లగాణ్ని పిలిచాను.

"తొయ్యి తమ్మీ."

"కదుల్తలేదన్నా. హ్యాండ్ బ్రేక్ ఉందా?"

"లేదురా, తీసే ఉంది."

హ్యాండ్ బ్రేక్ లేకున్నా కదలట్లేదంటే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌ను, అంటే ఇంజనుతో పాటు తిరిగే బరువైన చక్రాన్ని, పట్టుకునే ఉందన్నట్టు. బండి హాయిగా దొర్లితే క్లచ్ విడుస్తున్నట్టే.

ఆగి ఉన్నప్పుడు కూడా గేరు పడకపోతే

లీవర్ నుంచి డబ్బాకు పోయే రాడ్డును డబ్బా చివర విప్పేయండి. ఇప్పుడు డబ్బా మీది షాఫ్టును చేత్తో లోపలికీ బయటికీ, ఇటూ అటూ తిప్పుతూ గేర్లు వేయండి. పళ్లు ఎదురెదురుగా నిలిస్తే పడదు కాబట్టి, ఒకరు ముందు చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండాలి. టక్‌మని ఒక్కొక్కటే పడుతుంటే డబ్బాకేమీ కాలేదు. అరిగిన బుష్షులు, వంగిన రాడ్డు, పాత బండికీ కొత్త డబ్బాకూ కుదరని పొడవు, ఈ మూడింట్లో ఏదో ఒకటి. బుష్షులు చవకే, అన్నీ మార్చేయండి. ఒక గేరు పడి కాసేపటికి తనంతట తనే బయటికొస్తుంటే లీవర్ కింది రబ్బరు బూటు అడ్డం తగులుతుందా, డబ్బాను బండికి పట్టి ఉంచే మౌంటు రబ్బరు చినిగిందా చూడండి. చాలాసార్లు గేరు సగమే పడి ఉంటుంది, అంతే.

క్లచ్ విడవకపోతే బయట చూడాల్సినవి

పెడల్‌ను వేలితో నొక్కండి. బరువు తగిలే ముందు సుమారు 20 మిల్లీమీటర్లు ఖాళీగా పోవాలి. అంతకంటే చాలా ఎక్కువ పోతే క్లచ్ కేబుల్ వదులు. కేబుల్‌కు డబ్బా చివరున్న నట్టు బిగించండి. అసలు ఖాళీయే లేకపోతే మరీ బిగించారన్నట్టు. అట్లా నడిపితే ప్లేటు జారి కాలుతుంది, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను నెట్టి విడిపించే రిలీజ్ బేరింగు తొందరగా పోతుంది.

తర్వాత ఒకరిని పెడల్ తొక్కమని, మీరు డబ్బా మీద కేబుల్ లాగే ఆర్మును చూడండి. ఆ ఆర్ము పళ్లున్న షాఫ్టు మీద కూర్చుంటుంది. రెండింటి మీదా పంచ్ గుర్తులు, అంటే కొట్టిన చిన్న గుంటలు, ఉంటాయి, అవి ఎదురెదురుగా రావాలి. విప్పి బిగించినప్పుడు ఒక్క పన్ను అటో ఇటో అయినా ఆర్ము కోణం మారిపోయి, ఎంత తొక్కినా బేరింగు చివరిదాకా నెట్టదు.

ఇక నేను ఊరికే దించిన కథ. కొత్త కేబుల్ వేశాను. మొదటి రోజు బాగానే ఉంది. రెండో రోజు పెడల్ రాయిలా అయింది, క్లచ్ విడవట్లేదు. లోపల బేరింగును నెట్టే ఫోర్కు విరిగిందనుకుని డబ్బా దించాను. లోపల అంతా సక్రమంగానే ఉంది. మళ్లీ ఎక్కించి సెల్ఫ్ కొడితే అది మూలుగుతోంది, క్లచ్ కేబుల్ నుంచి సన్నగా పొగ! చేయి పెడితే కాలింది. అప్పుడు వెలిగింది. బ్యాటరీ నెగెటివ్ నుంచి డబ్బాకు వచ్చే ఎర్త్ వైరు బిగించడం మరిచాను. స్టార్టర్ లాగే కరెంటు తిరిగి పోవడానికి వేరే దారి లేక క్లచ్ కేబుల్ గుండా పోతోంది. పై తొడుగు లోపల కరిగి తీగను పట్టేసింది. వైరు, ఒక బోల్టు, పది నిమిషాల పని. కేబుల్ మాత్రం మళ్లీ కొన్నాను.

మీకూ సెల్ఫ్ బలహీనంగా తిరుగుతుంటే జంపర్ కేబుల్‌తో బ్యాటరీ నెగెటివ్‌నూ, డబ్బా మీద తుప్పులేని ఒక బోల్టునూ కలిపి చూడండి. వెంటనే చురుగ్గా తిరిగితే ఎర్త్ లేనట్టే. బోల్టు పెట్టే చోట రంగు, తుప్పు గీకి మెరిసేదాకా శుభ్రం చేయండి.

దించక తప్పనప్పుడు

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా క్లచ్ విడవకపోతే డబ్బా దించాల్సిందే. నా మొదటి తప్పు ఇది: ప్లేటు తిరగేసి పెట్టాను. స్ప్రింగులు ఉబ్బుగా ఉన్న వైపు డబ్బా వైపు, అంటే క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపట్టే ప్రెజర్ ప్లేటు వైపు ఉండాలి. తిరగబడితే మధ్య భాగం ఫ్లైవీల్ బోల్టులకు తగిలి ప్లేటు విడవదు. కొన్ని ప్లేట్ల మీద ఏ వైపు ఎటో రాసి ఉంటుంది, నేను చదవలేదు.

రెండో కారణం వంగిన ప్లేటు. ఎక్కించేటప్పుడు చేతులు నొప్పి పుట్టి డబ్బాను ఒక్క నిమిషం వదిలేసినా, దాని బరువంతా ఇన్‌పుట్ షాఫ్టు (ప్లేటు మధ్యలో దూరి డబ్బాలోకి తిప్పుడు తెచ్చేది) మీదుగా ప్లేటు మీద పడుతుంది. అందుకే డబ్బా కింద జాకీ ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి. మూడోది ప్లేటు మధ్యలోని పళ్లూ ఇన్‌పుట్ షాఫ్టు పళ్లూ కలవకపోవడం. వేరే మోడల్ డబ్బా కొనేటప్పుడు మీ క్లచ్ ప్లేటును వెంట తీసుకుపోయి, అక్కడే ఇన్‌పుట్ షాఫ్టు మీద తొడిగి చూడండి. జారుతూ ఎక్కాలి, అటూ ఇటూ ఊగొద్దు. వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్ దాకా పోయి కొన్నా, ఊళ్లోనే కొన్నా ఇది తప్పనిసరి. మౌంటు బోల్టు చెవులు, కేబుల్ పట్టే బ్రాకెట్టు, స్పీడోమీటర్ కేబుల్ దూరే చోటు కూడా మీ పాత డబ్బా ఫోటోలతో పోల్చుకోండి.

ఎక్కించేటప్పుడు చివరి అర అంగుళం దగ్గర డబ్బా మొండికేస్తుంది. అప్పుడు బోల్టులు పెట్టి లాగాలనిపిస్తుంది. లాగొద్దు. అది అల్యూమినియం, చెవి పుటుక్కున విరుగుతుంది. ప్లేటు మధ్యకు లేకపోయినా, పళ్లు కలవకపోయినా ఇట్లా ఆగుతుంది. డబ్బాను గేర్లో పెట్టి, ఇంజను చివరున్న క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా వేసి ఇంజనును కొద్దిగా తిప్పుతూ నెట్టండి. సరిగ్గా కుదిరితే చేత్తోనే కూర్చుంటుంది. డబ్బా దించి ఉన్నప్పుడే క్రాంక్ వెనక ఆయిల్ సీలు, రిలీజ్ బేరింగు కొత్తవి వేయడం మేలు. వాటి కోసం మళ్లీ దించడం ఎవరికి సరదా?

గేరు పడింది, బండి కదలదు

క్లచ్ వదిలితే స్పీడోమీటర్ ముల్లు 20 చూపిస్తుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దయ్యం పట్టలేదు. చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు ఒక వైపు డబ్బాలోకి పూర్తిగా పోలేదు. రెండు చక్రాలకూ తిప్పుడు పంచే డిఫరెన్షియల్ ఆ వైపే ఊరికే తిరుగుతోంది. స్పీడోమీటర్‌కు తిప్పుడు అక్కడి నుంచే కాబట్టి ముల్లు లేస్తుంది. షాఫ్టును నెడితే చివర్లో సర్క్లిప్ (షాఫ్టు మీది స్ప్రింగు రింగు) టక్‌మని కూర్చోవాలి, తర్వాత చేత్తో లాగితే రాకూడదు. షాఫ్టు తీసిన ప్రతిసారీ ఆ వైపు ఆయిల్ సీలు మార్చండి.

చప్పుడు చెప్పే కబురు

న్యూట్రల్‌లో ఇంజను నడుస్తుండగా క్లచ్ తొక్కితేనే చప్పుడు వస్తే రిలీజ్ బేరింగు. తొక్కితే ఆగి, వదిలితే వస్తే డబ్బాలోని ఇన్‌పుట్ షాఫ్టు బేరింగు. ఒక్క గేర్లోనే గుయ్‌మంటే ఆ గేరు పళ్లే. మలుపు తిప్పినప్పుడు టకటకమంటే డబ్బాను ఏమీ అనొద్దు, చక్రం వైపు జాయింటు పోయింది.

ఆయిలు పోసేటప్పుడు బండి చదునుగా ఉండాలి. లెవల్ బిరడా రంధ్రం నుంచి కారడం మొదలయ్యేదాకా పోసి బిగించండి. జీఎల్-4 రకం గేరు ఆయిలే వాడండి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలో కలిపే గంధకపు రసాయనాలు గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేస్తాయి.

చివరగా పానగల్లు దాకా నెమ్మదిగా ఒక చుట్టు వేసి రండి. స్పీడోమీటర్ చెప్పేదీ ఫోన్‌లో జీపీఎస్ చెప్పేదీ పోల్చుకోండి. కొత్త డబ్బాలో స్పీడోమీటర్‌ను తిప్పే గేరు పళ్లు వేరైతే ముల్లు అబద్ధం చెబుతుంది. ఇంటికొచ్చాక డబ్బా కింద నేల మీద ఒక అట్టముక్క పరిచి, మీరు ఇంట్లోకి పోయి పడుకోండి. తెల్లారి దాని మీద చుక్క లేకపోతే పానాలు తుడిచి పెట్టెలో పెట్టేయొచ్చు. చుక్క ఉంటే అది ఎడమ షాఫ్టు కిందా, కుడి షాఫ్టు కిందా అని చూసి, ఆ ఒక్క సీలే మార్చండి.