రెండు భాషల పాఠ్యపుస్తకం: ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పిల్లల్ని ఇంటి దగ్గర చదివించే పద్ధతి

మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదివే పిల్ల సంచిలోంచి గణితం పుస్తకం తీసి తెరిస్తే, ఒక పేజీలో తెలుగు పాఠం, దానికి ఎదురు పేజీలో అదే పాఠం ఇంగ్లీషులో కనిపిస్తాయి. రెండు పేజీల్లోనూ బొమ్మలు అవే, లెక్కలు అవే. మారేది భాష ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 విద్యా సంవత్సరంలోను, తెలంగాణలో 2022–23లోను ప్రభుత్వ పాఠశాలలకు ఈ ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలుగు పాఠాలు తెలుగులోనే, ఇంగ్లీషు పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక, ఈ జంట పేజీల పద్ధతి ముఖ్యంగా గణితానికి, మూడో తరగతి నుంచి మొదలయ్యే పరిసరాల విజ్ఞానానికి సంబంధించినది.

ఈ పుస్తకం ఇంటికి వచ్చాక చాలా ఇళ్లలో తల్లిదండ్రుల చూపు ఇంగ్లీషు పేజీ మీద పడుతుంది, "ఇది మాకు రాదు" అనుకుంటారు, పుస్తకం మూసేస్తారు. కొందరు ఆ సాయంత్రమే ట్యూషను వెతుకుతారు. ఎదురుగా ఉన్న తెలుగు పేజీని ఎవరూ పట్టించుకోరు. ప్రాథమిక తరగతులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషిగా నాకు తెలిసినంతవరకు, ఇంగ్లీషు పేజీ అర్థమయ్యే దారి ఆ తెలుగు పేజీలోనే ఉంది, ఆ పని చేయించడానికి తల్లిదండ్రులకు ఇంగ్లీషు రావలసిన అవసరం లేదు.

బడిలో పరిస్థితి ముందుగా తెలుసుకోండి

విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు, అరవై ఒకటి నుంచి తొంభై వరకు ఉంటే ముగ్గురు ఉండాలి. అంటే చిన్న ఊళ్లోని బడిలో ఐదు తరగతులను ఇద్దరే చూసుకుంటారు. ఒకరు ఒకటి, రెండు తరగతులను ఒక గదిలో కూర్చోబెట్టి పలకల మీద రాయిస్తుంటే, రెండో వారు మిగిలిన మూడు తరగతులకూ వంతులవారీగా పాఠం చెబుతారు. ఒకే లెక్కను తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో మరొకసారి ఓపికగా చెప్పే తీరిక అందరికీ అన్ని రోజులూ దొరకదు. ఇంట్లో అరగంట కూర్చోబెట్టడం వల్ల ప్రయోజనం ఎక్కువగా ఉండేది ఇటువంటి బడుల పిల్లలకే.

చేర్పించే విషయంలో చెప్పవలసింది తక్కువ. జనన ధ్రువీకరణ పత్రం లేదని చేర్చుకోకపోవడానికి గాని, పిల్లలకు పరీక్ష పెట్టి వడపోయడానికి గాని అదే చట్టం ఒప్పుకోదు. జూన్‌లో ఉపాధ్యాయులు బడిబాట పేరుతో ఇంటింటికీ వచ్చినప్పుడు, ఈ ఏడు ఏ తరగతికి ఎవరు చెబుతారో, ఎన్ని తరగతులు కలిపి కూర్చోబెడతారో అడిగి తెలుసుకుంటే తరువాత ఉపయోగపడుతుంది.

తెలుగు పేజీ ముందు రోజు సాయంత్రమే

ఇంటి దగ్గర చదివించడమంటే బడిలో అయిపోయిన పాఠాన్ని మళ్లీ అప్పజెప్పించుకోవడమని మనకు అలవాటు. ద్విభాషా పుస్తకం విషయంలో ఈ క్రమాన్ని తిరగేయాలి. రేపు ఏ పాఠం జరుగుతుందో పిల్లవాణ్ణి అడగండి. వాడికి తెలియకపోతే సోమవారం ఉదయం ప్రార్థనకు ముందు టీచరుగారిని ఒక్కసారి అడిగితే వారానికి సరిపడా చెబుతారు. ఆ పాఠం తెలుగు పేజీని ముందు రోజు సాయంత్రమే బిగ్గరగా చదివించండి. తరువాత పుస్తకం మూసి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పమనండి. మీకు చదవడం రాకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే మీరు చేయవలసింది వినడం, అర్థం కానిచోట "అంటే ఏమిటి?" అని అడగడం మాత్రమే. పాఠంలో విషయం మనసుకు ఎక్కిన పిల్ల, మరునాడు బడిలో అదే విషయం ఇంగ్లీషులో వినబడినప్పుడు బెదరదు. తెలిసిన సంగతికి కొత్త పేరు నేర్చుకుంటున్నానని అనుకుంటుంది.

విషయం చెప్పించిన తరువాతే ఎదురు పేజీకి వెళ్లాలి. అక్కడ పేజీ మొత్తాన్ని అనువాదం చేయించడం వృథా శ్రమ. తెలుగు పేజీలో లెక్కకు కీలకమైన మాట ఏదో చూపించి, అది ఉన్న వాక్యం ఇంగ్లీషు పేజీలో ఎక్కడుందో వెతకమనండి. బొమ్మలు, అంకెలు రెండు పేజీల్లోనూ ఒకేచోట ఉంటాయి కనుక పిల్లలు ఇట్టే పట్టేస్తారు. రోజుకు నాలుగైదు మాటలు చాలు. వాటిని ఒక ప్రత్యేకమైన నోటుపుస్తకంలో ఎడమవైపు తెలుగు, కుడివైపు ఇంగ్లీషు ఉండేలా రాయించండి. అయితే విడి మాటలు కాకుండా, ఆ మాట ఉన్న చిన్న వాక్యాన్ని రాయించాలి. దీనికి కారణం ఒక సంఘటన చెబితే తెలుస్తుంది.

మూడో తరగతిలో తీసివేత లెక్క చెబుతున్నాను. బుట్టలో ఇన్ని మామిడికాయలుంటే ఇన్ని అమ్మేశారు, ఎన్ని మిగిలాయి అన్నది ప్రశ్న. ఇంగ్లీషు పేజీలో అది "హౌ మెనీ ఆర్ లెఫ్ట్" అని ఉంది. లెక్కల్లో చురుకైన ఒక పిల్ల లేచి, పుస్తకంలోని బొమ్మలో బుట్టకు ఎడమవైపున ఉన్న కాయలను లెక్కపెట్టి, "మూడు, టీచర్" అంది. వ్యాయామం చేయించేటప్పుడు లెఫ్ట్ అంటే ఎడమ అని ఆ పిల్లకు నేర్పింది నేనే. తీసివేత ఆమెకు బాగా వచ్చు. తెలుగులో అడిగితే వెంటనే చెప్పింది. ఆ రోజు నుంచి విడి మాటల పట్టీ రాయించడం మానేశాను.

ఇటువంటి మాటలు ప్రాథమిక గణితంలో పది పదిహేను ఉంటాయి, పిల్లలు తప్పిపోయేది ఎక్కువగా వీటి దగ్గరే. "ఈచ్" అన్న మాటకు "ప్రతి" అని చెప్పి వదిలేస్తే భాగహారం అర్థం కాదు. "తలా నాలుగు జామకాయలు" అని ఇంట్లో పంచి పెట్టినప్పుడు అనే మాటతో కలిపితే వెంటనే పట్టుబడుతుంది. "ఆల్టుగెదర్" అంటే "అన్నీ కలిపి", "మోర్ దాన్" అంటే "కంటే ఎక్కువ". ఈ చివరిది మరీ చిక్కు పెడుతుంది, ఎందుకంటే తెలుగులో "రవి కంటే సీత దగ్గర ఎక్కువ ఉన్నాయి" అని పోల్చే మనిషి ముందు వస్తే, ఇంగ్లీషులో ఆ మనిషి చివర వస్తాడు. మాటకు మాట పెట్టుకుంటూ పోయే పిల్ల రవి దగ్గరే ఎక్కువ ఉన్నాయని రాస్తుంది.

పధ్నాలుగు, ఫోర్టీన్, నలభై ఒకటి

ఒకటి, రెండు తరగతుల పిల్లల తల్లిదండ్రులు అంకెల పేర్ల మీద కొంత ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తెలుగులో పదకొండు నుంచి పందొమ్మిది వరకు ప్రతి పేరులోనూ పది ముందు వినిపిస్తుంది, ఒకట్ల అంకె తరువాత వస్తుంది. ఇంగ్లీషులో "ఫోర్టీన్" అన్నప్పుడు నాలుగు ముందు వినిపిస్తుంది, "సిక్స్‌టీన్" అన్నప్పుడు ఆరు ముందు వినిపిస్తుంది. చెవికి వినబడిన వరుసలో రాసే పిల్లవాడు 14కు బదులు 41 రాస్తాడు. ఇక "థర్టీన్", "థర్టీ" అన్న రెండు మాటలు పక్కపక్కనే పలికితే పెద్దవాళ్లకే తేడా తెలియదు; "పదమూడు", "ముప్పై" అన్న మాటల్లో ఆ గందరగోళమే లేదు. ఇరవై దాటాక రెండు భాషల్లోనూ పదులు ముందు, ఒకట్లు తరువాత వస్తాయి కనుక కష్టమంతా ఆ తొమ్మిది సంఖ్యల దగ్గరే.

దీనికి ఖర్చు లేని ఉపాయం చీపురు పుల్లలు. పది పుల్లలను రబ్బరు బ్యాండుతో కట్టి ఒక కట్ట చేయండి, విడిగా నాలుగు పుల్లలు పెట్టండి. పిల్లవాడు కట్టను ముట్టుకుని "పది", విడి పుల్లలను ముట్టుకుని "నాలుగు", రెండూ కలిపి "పధ్నాలుగు", ఆ తరువాతే "ఫోర్టీన్" అనాలి. మూడు కట్టలు పెట్టి "ముప్పై, థర్టీ" అనిపించి, వెంటనే ఒక కట్ట, మూడు పుల్లలు పెట్టి "పదమూడు, థర్టీన్" అనిపిస్తే తేడా కంటికి కనిపిస్తుంది. వారం పది రోజులు ఇలా చేయించాక 41 రాయడం తగ్గుతుంది.

కొలతల పాఠానికి ఇల్లే పెద్ద బడి. సెంటీమీటర్లు చెప్పడానికి ముందు పుస్తకంలో జానలతో, అడుగులతో కొలిపించే అభ్యాసాలు ఉంటాయి. పూలమ్మే ఆమె మల్లెదండను మోచేతి నుంచి వేలి కొన వరకు పెట్టి మూర కొలుస్తున్నప్పుడు పిల్లను దగ్గర నిలబెట్టండి. అదే దండను పిల్ల తన చేత్తో కొలిస్తే మూర కంటే ఎక్కువ వస్తుంది. ఎందుకు ఎక్కువ వచ్చిందన్న ప్రశ్న పిల్లకే పుడుతుంది, స్కేలు ఎందుకు అవసరమైందో ఆ ప్రశ్నతోనే అర్థమవుతుంది. తరువాత ఇంగ్లీషు పేజీలోని "లెంత్" అన్న మాట మోయలేని బరువుగా ఉండదు.

చదవడం వచ్చిందో లేదో ఎలా చూడాలి

కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం తరగతివారీగా కొన్ని లక్ష్యాలు పెట్టింది. రెండో తరగతి ముగిసేసరికి పిల్లలు నిమిషానికి 45 నుంచి 60 మాటలు, మూడో తరగతి ముగిసేసరికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవగలగాలి; అంకెల్లో ఒకటో తరగతికి 99 వరకు, రెండో తరగతికి 999 వరకు, మూడో తరగతికి 9999 వరకు చదవగలగాలి. తెలంగాణలో 2022 ఆగస్టులో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం కూడా ఈ ప్రాథమిక చదువు, లెక్కల కోసమే.

అంకెల లక్ష్యాన్ని ఉన్నది ఉన్నట్టు తీసుకోవచ్చు. మాటల లెక్కను మాత్రం గడియారం పట్టుకుని నిక్కచ్చిగా చూడకండి. ఇంగ్లీషులో నాలుగైదు మాటలు పట్టే సంగతిని తెలుగు ఒక్క మాటలో ఇముడ్చుకుంటుంది; "చదువుకోవడానికి", "వెళ్లిపోయినప్పటికీ" వంటివి ఒక్కో మాటే అయినా పిల్లకు ఒక్కోటీ ఒక కొండ. నా దృష్టిలో ఇంటి పరీక్ష ఒకటే: పిల్ల ఇదివరకు చూడని తెలుగు పేరా ఒకటి చదివి, అడిగిన దానికి పుస్తకం చూడకుండా జవాబు చెప్పగలగాలి. ఒత్తుల దగ్గర ఆగిపోతుంటే ఆ ఒత్తులే సాధన చేయించాలి. రెండో తరగతి చివరికి తెలుగు ధారాళంగా చదవలేని పిల్లను ఇంగ్లీషు ట్యూషనుకు పంపడం డబ్బు దండగ.

ఇంగ్లీషు అక్షరాల దగ్గర మరో జాగ్రత్త అవసరం. తెలుగులో గుణింతం నేర్చుకున్న పిల్ల రాసినట్టే పలుకుతుంది, పలికినట్టే రాస్తుంది. ఇంగ్లీషులో "ఆర్ యు ఎన్" రన్ అయితే, "పి యు టి" పుట్ అవుతుంది. ఈ తేడాను తప్పుగా పలికావని మందలించి కాకుండా, ఆ భాష తీరే అంత అని ముందే చెప్పి సర్దుబాటు చేయాలి.

ఇంట్లో మాట్లాడే భాష తెలుగు కాకపోతే

కోయ, గోండి, సవర, కొలామి, లంబాడీ మాట్లాడే ఇళ్ల పిల్లలకు, ఉర్దూ ఇళ్ల నుంచి తెలుగు బడికి వచ్చే పిల్లలకు, పుస్తకంలోని రెండు పేజీలూ పరాయివే. గిరిజన భాషల్లో వాచకాలు తయారు చేసి బోధించే బహుభాషా విద్యా కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలోనే మొదలైంది, కానీ అది అన్ని బడులకూ చేరలేదు. ఈ ఇళ్లవారు పిల్లల కోసమని ఇంట్లో వచ్చీ రాని తెలుగు మాట్లాడనక్కరలేదు. పాఠంలోని విషయాన్ని మీ భాషలోనే మాట్లాడండి, పుల్లల కట్టలను మీ భాషలోనే లెక్కపెట్టించండి. నోటుపుస్తకంలో రెండు వరుసలకు బదులు మూడు వరుసలు గీసి, మొదటి వరుసలో మీ మాటను తెలుగు లిపిలో రాయించండి. ఈ సంగతి టీచరుగారికి కూడా చెప్పండి, ఎందుకంటే తరగతిలో మౌనంగా కూర్చునే పిల్లను చదువు రాని పిల్లగా పొరబడడం చాలా తేలిక.

సమావేశాలకు వెళ్లినప్పుడు ఏం అడగాలి

ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న ప్రభుత్వ పాఠశాలలన్నిటిలో ఒకేరోజు తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశాలు జరిగాయి. ఇటువంటి చోట్ల మాటలన్నీ మరుగుదొడ్లు, ప్రహరీ గోడ, మధ్యాహ్న భోజనం చుట్టూనే తిరుగుతాయి. అవి అడగవలసినవే, ప్రాథమిక తరగతుల పిల్లకు రోజుకు వంద గ్రాముల బియ్యం లెక్కన వండాలన్నది నిబంధన, గుడ్డు పెట్టే రోజులు ఏవో గోడ మీద రాసి ఉండాలి. ఆంధ్రలో ఆ భోజన పథకానికి ఇప్పుడు అన్నదానానికి పేరుపడిన డొక్కా సీతమ్మగారి పేరు ఉంది కనుక, వడ్డన సరిగా ఉందో లేదో అడగడానికి మొహమాటపడనక్కరలేదు.

వాటితోపాటు మరో మూడు ప్రశ్నలు అడగండి. గణితం చెప్పేటప్పుడు తెలుగు పేజీని కూడా తెరిపిస్తున్నారా? పరీక్షలో పిల్ల తెలుగులో జవాబు రాస్తే మార్కులు ఇస్తారా? గ్రంథాలయం పుస్తకాలు బీరువాలో ఉంటున్నాయా, పిల్లల చేతికి వస్తున్నాయా? కొన్ని బడుల్లో తనిఖీకి వచ్చినవారు మెచ్చుకుంటారని తెలుగు పేజీని అసలు తెరవనివ్వరు. ఇటువంటిచోట వాదనకు దిగకుండా, మీ పిల్ల తెలుగులో చెప్పగలిగి ఇంగ్లీషులో చెప్పలేకపోయిన లెక్క ఒకటి పట్టుకెళ్లి చూపించండి. మామిడికాయల లెక్కలాంటిది ఒక్కటి చాలు.

శనివారం బాలసభ జరిగే బడి అయితే, పిల్లకు ఇంట్లో ఒక పొడుపు కథ నేర్పి, దాన్ని ముందు తెలుగులో, తరువాత వచ్చినంత ఇంగ్లీషులో చెప్పమని పంపండి. తప్పులు వస్తాయి, రానివ్వండి.

ఐదో తరగతి అయిపోయి ఉన్నత పాఠశాలకు వెళ్లేటప్పుడు పాత పుస్తకాలను చిత్తు కాగితాలవాళ్లకు వేసేయడం మన అలవాటు. మాటల నోటుపుస్తకాన్ని, నాలుగు, ఐదు తరగతుల గణితం పుస్తకాలను మాత్రం మరో ఏడాది అట్టే పెట్టండి. భిన్నాలు, చుట్టుకొలత, వైశాల్యం ఆరో తరగతిలో మళ్లీ వస్తాయి. ఆ తరగతి గదిలో మీ పిల్ల పక్కన కూర్చునేవాళ్లలో వేరే ఊళ్ల నుంచి, వేరే బడుల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, వేగం ఒక్కసారిగా పెరుగుతుంది, వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఆ పేజీలు చేతిలో ఉండాలి.