మనసు బాగోలేనప్పుడు వలస ఉద్యోగి పని నిలుపుకోవడం ఎలా

పరాయి దేశంలో పనిచేసేవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఒంటినొప్పులుగానే బయటపడుతుంది. తలనొప్పి, కడుపులో మంట అంటే డాక్టరు దానికే మాత్ర రాసి పంపేస్తారు. అందుకే ముందుగా రెండు వారాలు రోజుకో వాక్యం రాసుకోండి: ఎన్ని గంటలు నిద్రపట్టింది, పనిలో ఏం తప్పింది. అది డాక్టరుకు చూపండి. దుబాసీని (మన మాటను అక్కడి భాషలో చెప్పేవారిని) ఆసుపత్రినే అడగండి. బంధువు పక్కనుంటే సగం మాటలు మింగేస్తాం.

డిప్రెషన్ మందు గుణం కనబడటానికి సాధారణంగా 2 నుంచి 6 వారాలు పడుతుంది. మొదట్లో మత్తుగా ఉండొచ్చు, షిఫ్టుకు ఆలస్యమూ కావచ్చు. కాబట్టి ఆఫీసుకు ఉత్తరం ముందే వెళ్లాలి.

అందులో జబ్బు పేరుకన్నా కావలసిన మార్పు ముఖ్యం. "ఒత్తిడిగా ఉంది" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. "డాక్టరు సలహాపై 6 వారాలు రాత్రి షిఫ్టు వద్దు, పనులు నోటితో కాక రాసి ఇవ్వండి" అనండి. డాక్టరు చీటీ జతచేసి, కాపీ సొంత మెయిల్‌లో దాచుకోండి.

వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటే నీరసంలో రాజీనామా రాయకండి. జీతం లేని సెలవు కూడా వీసాకు చిక్కు తేవచ్చు, లాయరును అడిగాకే తీసుకోండి.

యాసను, జాతిని వెక్కిరిస్తుంటే ఆ ఫిర్యాదు విడిగా రాయండి: తేదీ, అన్న మాట, విన్నవాళ్లు. దీన్నీ, షిఫ్టు మార్పు ఉత్తరాన్నీ కలిపితే "మనసు బాగోక అలా అనిపించిందిలే" అని కొట్టిపారేస్తారు.