తాత చేసిన యుద్ధం కాగితం మీద దొరకాలంటే: సైనిక సర్వీసు రికార్డు, పతకాలకు దరఖాస్తు విధానం

ఉత్తరాంధ్రలో ఒక సైనిక సంక్షేమ కార్యాలయం వరండాలో డెబ్భై దాటిన పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో చిన్న మూట, అందులో మూడు పతకాలు. భర్త 1971 యుద్ధంలో పనిచేశాడు, చనిపోయి పదకొండేళ్లయింది. ఆయన కాగితాలు తెప్పిస్తానని ఊళ్లో ఒకతను ఎనిమిది వేలు పట్టుకెళ్లాడు. "పతకాలకి బూమి వస్తాదని సెప్పినాడు బాబూ" అంది. ఆ పతకాల్లో ఒకదాన్ని వెలుతురులోకి పట్టి చూస్తే ఆయన నంబరు, ర్యాంకు, పేరు కనిపించాయి. రికార్డు తెప్పించడానికి ముఖ్యంగా కావలసింది ఆ నంబరే. అది ఇన్నాళ్లూ ఆమె ట్రంకు పెట్టెలోనే ఉంది.

అందుకే ముందు ఈ మాట. సంగ్రామ్ మెడల్, పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, 1965 నాటి సమర్ సేవా స్టార్, రక్షా మెడల్, ఇవన్నీ ఆ యుద్ధకాలంలో సర్వీసులో ఉన్నందుకో, యుద్ధరంగంలో పనిచేసినందుకో ఇచ్చినవి. వీటి వల్ల డబ్బూ రాదు, భూమీ రాదు. వీర చక్ర, సేనా మెడల్ లాంటి శౌర్య పతకాలు వేరు. వాటికి భత్యం ఉంటుంది, గ్రహీతల పేర్లు రక్షణ శాఖ శౌర్య పురస్కారాల వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మామూలు యుద్ధ పతకం చూపించి భూమి ఇప్పిస్తానన్నవాడికి రూపాయి కూడా ఇవ్వకండి. కుటుంబం తరఫున రికార్డు అడుగుతూ ఉత్తరం రాయడానికి అయ్యే ఖర్చు స్పీడ్ పోస్టు, జిరాక్సులు, అంతే.

జవాన్ల కాగితాలు జిల్లాలో ఉండవు. ఏ రెజిమెంటు లేదా కోర్‌లో చేశారో దాని రికార్డ్ ఆఫీసులో ఉంటాయి. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లోని వెల్లింగ్టన్. మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌ది బెంగళూరు, ఆర్టిలరీది నాసిక్ రోడ్, సిగ్నల్స్‌ది జబల్‌పూర్, మెడికల్ కోర్‌ది లక్నో. ఈఎంఈ (వాహనాలు, యంత్రాలు మరమ్మతు చేసే కోర్), ఆర్డ్‌నెన్స్ కోర్ (ఆయుధాలు, సామాను సరఫరా చేసేది) రెండింటివీ సికింద్రాబాద్‌లోనే ఉన్నాయి. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ, నేవీ సెయిలర్లకు ముంబై. రెండో ప్రపంచ యుద్ధం నాటి కాగితం మీద రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్ అని ఉంటే అది ఇప్పటి ఆర్మీ సర్వీస్ కోర్. మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అంటే ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్.

ఇంతవరకూ సులువే. చాలామంది దరఖాస్తులు ఆగిపోయేది నంబరు దగ్గర.

సర్వీసు నంబరు లేకుండా పేరొక్కటే రాసి పంపితే జవాబు వచ్చే ఆశ తక్కువ. ఒక్క మద్రాస్ రెజిమెంటులోనే ఎంతమంది అప్పారావులు, ఎంతమంది సత్యనారాయణలు ఉంటారో ఆలోచించండి. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం లాంటి ఊళ్లో అయితే, మిలిటరీ మాధవరం అని పేరే పడిన ఊరు కాబట్టి, అడిగితే చెప్పేవాళ్లు పక్కింట్లోనే ఉంటారు. ఊరి మొత్తం మీద ఒక్కరే సైన్యానికి వెళ్లిన చోట ఇంట్లో వాళ్లే వెతుక్కోవాలి.

మొదట డిశ్చార్జ్ బుక్కు చూడండి. చేరిన తేదీ, బయటికొచ్చిన తేదీ, కారణం, పతకాలు అన్నీ అందులోనే ఉంటాయి. అది చెదలు తినేస్తే పింఛను కాగితం, అంటే పీపీఓ. ఇక్కడ జాగ్రత్త: పీపీఓ నంబరు వేరు, సర్వీసు నంబరు వేరు. పీపీఓ పైభాగంలో పెద్ద అక్షరాల్లో కనిపించేదాన్నే సర్వీసు నంబరనుకుని రాసి, జవాబు రాక విసిగిపోయిన కుటుంబాలను చూశాను. పేరు, ర్యాంకు పక్కన ఉండేదే మీకు కావలసిన నంబరు.

పీపీఓ కూడా లేకపోతే పతకం తియ్యండి. గుండ్రటి పతకమైతే అంచు మీద, స్టార్ అయితే వెనకవైపు నంబరు, పొట్టిగా ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఉంటాయి. దయచేసి చింతపండు పెట్టి తోమకండి. దేవుడి సామాన్లతో పాటు పండక్కీ పబ్బానికీ తోమి తోమి అంచు నున్నగా అరిగిపోయిన పతకం ఒకటి నా చేతికొచ్చింది. అందులో మూడంకెలు ఎప్పటికీ తెలియవు. అక్షరాలు సన్నగా ఉంటే పల్చటి కాగితం అంచుకు చుట్టి పెన్సిల్‌తో మెల్లగా రుద్దండి, అంకెలు కాగితం మీదికి వస్తాయి.

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ ముందుగా చెప్పరు. ఒకే మనిషికి రెండు నంబర్లు ఉండొచ్చు. హవల్దార్ నాయబ్ సుబేదార్ అయితే జేసీ (JC) అనే అక్షరాలతో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. పింఛను కాగితంలో అది, పాత పతకం మీద జవానుగా ఉన్నప్పటిది కనిపిస్తాయి. రెండూ రాయండి. రెజిమెంటు నుంచి రిటైరై మళ్లీ డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో (రక్షణ సంస్థలకు కాపలా కాసే విభాగం) చేరినవాళ్లకైతే అక్కడ పూర్తిగా వేరే నంబరు, వేరే రికార్డ్ ఆఫీసు. అది కన్నూర్‌లో ఉంటుంది. మన దగ్గర ఇలా రెండోసారి చేరినవాళ్లు చాలామంది. ఇంట్లో మిగిలేది ఆ రెండో ఉద్యోగం కాగితాలే, ఉత్తరం కన్నూర్‌కి వెళుతుంది, యుద్ధం సంగతి వాళ్ల దగ్గర దొరకదు. ఆ పెద్దమ్మ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. ఎనిమిది వేలు తీసుకున్నతను కన్నూర్‌కి ఒక్క ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నాడు.

పేరు, ఊరు కూడా రికార్డులో ఎలా ఉండి ఉంటాయో అలాగే రాయాలి. సైన్యంలో ఇంటిపేరు ఒక్క అక్షరమై ముందుండొచ్చు, పేరు చివరికి పోవచ్చు, అసలే లేకపోవచ్చు. ఆధార్‌లో ఉన్నట్టు ఒకటి, పతకం మీద ఉన్నట్టు ఒకటి, రెండూ ఇవ్వండి. జిల్లా విషయంలో ఇంకా జాగ్రత్త. విజయనగరం జిల్లా 1979లో, శ్రీకాకుళం 1950లో, ప్రకాశం 1970లో ఏర్పడ్డాయి. 1943లో చేరిన శ్రీకాకుళం మనిషి రికార్డులో విశాఖపట్నం జిల్లా అని ఉంటుంది. 2022లో వచ్చిన కొత్త జిల్లా పేరు ఒక్కటే రాస్తే పోల్చుకోవడం కష్టం. పాత జిల్లా, పాత తాలూకా, అప్పటి పోస్టాఫీసు పేరు కలిపి రాయండి.

ఉత్తరం ఒక పేజీ చాలు, ఇంగ్లీషులో గాని హిందీలో గాని రాయండి. రికార్డ్స్ ఆఫీసర్ ఇన్‌చార్జ్ పేర రాసి, సైన్యంలో పనిచేసిన మనిషి వివరాలు, మీకు ఆయన ఏమవుతారో, ఏం కావాలో స్పష్టంగా చెప్పండి: సర్వీసు వివరాల నకలు, ఆయనకు మంజూరైన పతకాల జాబితా, వాటిలో తీసుకోనివి ఏమైనా ఉన్నాయా అన్నది. మరణ ధృవీకరణ పత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం, మీ ఆధార్ నకళ్లు జతచేయండి. అసలు కాగితాలు, అసలు పతకాలు పోస్టులో పంపకండి, ఎవరి చేతికీ ఇవ్వకండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా కవరింగ్ లెటర్‌తో పంపిస్తే ఇంకా మంచిది. భార్య బతికుంటే దరఖాస్తు ఆమె పేరనే ఉండాలి. సైన్యంలో పెళ్లి, పిల్లల పుట్టుక పార్ట్ టూ ఆర్డర్ అనే అధికారిక ఉత్తర్వుగా నమోదవుతాయి. అందులో భార్య పేరు లక్ష్మి అని ఉండి, ఆధార్‌లో మహాలక్ష్మి అని ఉంటే కంగారు పడకండి. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జతచేస్తే సరిపోయే విషయం అది.

సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో వేయొచ్చు, జవాబుకు గడువు 30 రోజులు. కానీ దాన్ని మొదటి మెట్టు చేసుకోవద్దని నా సలహా. ఇతరుల వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే అవకాశం ఉంది. కుటుంబ సభ్యులుగా ఉత్తరం రాయండి, జవాబు రాకపోతే అప్పుడు వేయండి.

ఇక మనుషులు గుండె జారిపోయే ఘట్టం. "కాగితాలు ధ్వంసం చేయబడినవి" అని జవాబొస్తుంది. అబద్ధం కాదు, నిర్లక్ష్యమూ కాదు. పింఛను లేకుండా బయటికొచ్చినవాళ్ల సర్వీసు పత్రాలను 25 ఏళ్లు ఉంచి తర్వాత తీసేయడం నిబంధన. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక 1946లో ఇంటికి పంపేసినవాళ్లలో ఎక్కువమంది ఇలాంటివాళ్లే. చాలా కుటుంబాలు అక్కడితో ఆపేస్తాయి. ఆపకండి. లాంగ్ రోల్ అని ఒక పెద్ద రిజిస్టరుంటుంది, దాన్ని తీసెయ్యరు. అందులో నంబరు, పేరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ అయిన తేదీ, కారణం లాంటి కొన్ని వివరాలే ఉంటాయి. అవే చాలు. లాంగ్ రోల్ నుంచి ఎక్స్‌ట్రాక్ట్ ఇవ్వండని ఆ మాటే వాడి రెండో ఉత్తరం రాయండి. మొదటి ఉత్తరంలోనే రాసేస్తే ఇంకా మేలు.

విదేశాల్లో ఉన్న మనవళ్లకు ఒక మాట. తాత బర్మాలోనో ఇటలీలోనో బ్రిటిష్ వాళ్ల తరఫున పోరాడాడు కాబట్టి రికార్డు లండన్‌లో ఉంటుందని అక్కడి పరిశోధకులకు పౌండ్లు పంపకండి. బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి ఎక్కువగా ఆఫీసర్ల కాగితాలు. మన జవాన్ల కాగితాలు ఇక్కడి రికార్డ్ ఆఫీసుల్లోనే వెతకాలి. యుద్ధంలో చనిపోయినవాళ్ల సంగతి వేరు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. బర్మాలో సమాధి దొరకని దాదాపు 27,000 మంది పేర్లు రంగూన్ స్మారకం మీద ఉన్నాయి. మనవాళ్లలో చాలామందికి తండ్రి పేరు, ఊరి పేరు కూడా రాసి ఉంటాయి. ఊరి పేరుతో, పాత ఇంగ్లీషు స్పెల్లింగులు మార్చి మార్చి వెతకండి.

పెద్దమ్మకు మళ్లీ ఉత్తరం రాశాం. ఈసారి వెల్లింగ్టన్‌కి, పతకం వెనకున్న నంబరుతో. ఏడో వారంలో జవాబొచ్చింది. జాబితాలో నాలుగు పతకాలున్నాయి. నాలుగోది 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లందరికీ ఇచ్చిన స్వాతంత్ర్య రజతోత్సవ పతకం. ఆయన దాన్ని తీసుకోనేలేదు. ఆమె ఆ వరుస మీద వేలు పెట్టి, ఇది కూడా ఆయనదేనా అని రెండుసార్లు అడిగింది. దానికి దరఖాస్తు పోయిన సోమవారం ఆమె వేలిముద్రతో వెళ్లింది.