గుట్ట మీది సోలార్ రిపీటర్ మొరాయిస్తే

ఊళ్లో నెట్ ఆగగానే అందరి అనుమానం గుట్ట మీది రిపీటర్‌లో సిగ్నల్‌ను అందుకుని ఊరికి పంపే రేడియో మీదికే పోతుంది. గుట్ట ఎక్కేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆగింది ఏ వేళకు? తిరుపతి దగ్గరి పాకాల, పుత్తూరు వైపు గుట్టల మీద బిగించే రిపీటర్లకు వచ్చే జబ్బుల్లో చాలావాటి ఆచూకీ ఆ జవాబులోనే దొరుకుతుంది. మిగతాది మల్టీమీటర్ చెబుతుంది.

తెల్లవారుజామున ఆగి, ఎండెక్కాక దానంతట అదే వస్తోంది

బ్యాటరీ రాత్రిని దాటలేకపోతోంది. అంతమాత్రాన కొత్తది కొనేయకండి. పొద్దు గూకాక ఒకసారి, మర్నాడు పొద్దు పొడవకముందు ఒకసారి వోల్టేజి చూడండి. సాయంత్రం 12.7 ఉన్నది తెల్లారేసరికి 11.5కు జారితే బ్యాటరీ ముసలిదైనట్టు. సాయంత్రానికే 12.2 ఉంటే అది నిండడమే లేదు, లోపం ప్యానెల్ వైపు ఉంది.

ముసలిదైతే మార్చక తప్పదు, కానీ ఈసారి లెక్క వేసి కొనండి. 8 వాట్ల రేడియోకు రోజుకు 192 వాట్-అవర్లు కావాలి. 12 వోల్టుల, 40 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో 480 ఉన్నా, సగానికి మించి వాడితే దాని ఆయుష్షు కరిగిపోతుంది. ఆ లెక్కన ఒక్కరోజు ముసురుకే చాలుతుంది. నవంబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మనకు ముసురు ఒక్కరోజుతో పోదు కదా! 100 ఆంపియర్-అవర్లది పెడితే మూడు రోజులు గట్టెక్కవచ్చు.

నిండకపోతే ముందు దుమ్ము, పిట్టల రెట్టలు తుడవండి. తర్వాత నీడ చూడండి. మన అక్షాంశం 13 డిగ్రీల పైచిలుకు కాబట్టి మే నెలలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు నీడే లేదని బిగించిన ప్యానెల్ మీద నవంబరుకల్లా దక్షిణాన ఉన్న బండ నీడ పడుతుంది. ఒక మూల నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. దక్షిణాన అడ్డులేని చోట, ఆ దిక్కుకే 15 డిగ్రీల వాలుతో బిగించండి.

వేళాపాళా లేకుండా రీస్టార్ట్ అవుతోంది

వాడకం పెరిగినప్పుడే ఇలా జరిగితే తీగను అనుమానించండి. రేడియోకు కరెంటు కూడా మోసే చవక నెట్‌వర్క్ కేబుళ్లలో ఉండేది రాగిపూత వేసిన అల్యూమినియం. 12 వోల్టుల విద్యుత్తును 30 మీటర్లు పంపితే అసలు రాగిలోనే వోల్టున్నర దాకా పోతుంది, ఇందులో ఇంకా ఎక్కువ. రాగి తీగ వేయండి, లేదా రేడియో ఒప్పుకుంటే 24 వోల్టులతో పంపండి.

మిట్టమధ్యాహ్నం ఆగుతోంది

ఇనుప పెట్టె వేడి. తెల్లరంగు వేసి, ప్యానెల్ నీడలోకి మార్చి, అడుగున జాలీ వేసిన గాలి రంధ్రాలు పెట్టండి.

వానకే పోతోంది

నాలుగైదు కిలోమీటర్ల లింకును వానచినుకులు తెంచలేవు. కనెక్టర్‌లో నీరు చేరి ఉంటుంది, లేదా దారిలో మామిడి తోపు పెరిగి ఉంటుంది. తడిసిన ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి. అవతలి స్తంభం కంటికి కనిపిస్తే చాలదు. 5 కిలోమీటర్ల లింకుకు, 5.8 గిగాహెర్ట్జ్ మీద, నడిమధ్యన చూపురేఖ చుట్టూ ఐదు మీటర్లయినా ఖాళీ ఉండాలి. తోట కొట్టమని ఎవరినీ అడగలేం, స్తంభమే పెంచాలి.

గాదంకిలోని వాతావరణ పరిశోధన రాడార్ వల్లే పోతోందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. అది పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, మన లింకు 5,800 మెగాహెర్ట్జ్ మీద.

ఏ వేళైనా వేగం సగమే

ఇది జబ్బు కాదు. ఒకే రేడియో వినాలి, అదే చెప్పాలి. రెండు రేడియోలు పెట్టి చెరొక ఛానెల్ ఇవ్వండి. కరెంటు ఖర్చు రెట్టింపవుతుంది కాబట్టి పైన బ్యాటరీకి వేసిన లెక్క మళ్లీ వేసుకోవాలి.